మా ఫిష్ ట్యాంకు కింద ఆయకట్టు

పోయిన వారం మా ఇంటికి గ్యాసు సిలిండరు వచ్చింది. వంటింట్లోకి కాదు, హాల్లో ఉన్న చేపల తొట్టికి. నీళ్ళలో మొక్కలు దిగాలుగా ఉన్నాయని ఫోటో తీసుకుపోయి చూపిస్తే, హనుమకొండలో తొట్లు అమ్మే పెద్దమనిషి కళ్ళజోడు పైకి నెట్టి, వాటికి బొగ్గుపులుసు వాయువు చాలడం లేదని తేల్చాడు. పెద్ద దవాఖానలో డాక్టరు కూడా రోగం పేరు అంత గంభీరంగా చెప్పడు. అలా వచ్చింది సిలిండరు. దాని నెత్తిన గడియారంలాంటి మీటరు, దానికో సన్నటి గొట్టం, బుడగలు లెక్కపెట్టడానికో గాజు బుడ్డి, పొద్దున తనే వెలిగి సాయంత్రం తనే ఆరిపోయే దీపం, పూటకో రంగు మందుసీసా. మా ఆయన ఆ మూలకు ఐసీయూ అని పేరు పెట్టి, చెప్పులు విడిచి గాని అటు వెళ్ళడం లేదు. ఇంతా చేస్తే లోపల ఉన్నవి ఎవరు నాటినా, ఎక్కడ నాటినా, వద్దన్నా పెరిగే రకం మొక్కలు. డబ్బా మీద అలాగే రాసి ఉంది. ప్లాస్టిక్ కప్పుల్లో కూర్చుని కొరియర్‌లో దర్జాగా వచ్చిన ఆ మొక్కలకు నా చెయ్యి తగలగానే సంసారం మీద విరక్తి పుట్టింది.

ఈ పరిస్థితిలో మా చిన్నమ్మ ఫోను చేసి, "ఆదివారం నేనూ మీ చిన్నబాపూ వస్తానం బిడ్డా, నీ తొట్టి సూస్తం," అంది. మా వంశంలో నీటి మొక్కల మీద ఆఖరి తీర్పు చిన్నమ్మది. ఎందుకంటే ఆమె మా ఇంటికి కోడలుగా వస్తుందా రాదా అన్నది ఒకప్పుడు గుప్పెడు నాచు మీద ఆధారపడింది. ఆ నాచును చంపబోయింది నేను. ఆ రెండో సంగతి నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదని ఇన్నేళ్ళుగా నా ధీమా.

మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. రెండు గదులు, ఒక మగ్గం. పెద్ద గది మగ్గానిది. మిగిలిన దాంట్లో నాయనమ్మ, బాపు, అమ్మ, బాపు తమ్ముడైన చిన్నబాపు, నేను సర్దుకునేవాళ్ళం. రాత్రి పడుకున్నాక ఎవరి కాలు ఎవరిదో పొద్దున లేచి పంచుకునేవాళ్ళమంటే అతిశయోక్తే గాని, పెద్ద అతిశయోక్తి కాదు. వాకిట్లో రంగు నూలు ఆరేది. లోపల తడి నూలు వాసన, రంగు ఉడికే వాసన, అన్నిటినీ తొక్కేస్తూ గంజి వాసన. పడుగు దారం తెగకుండా గట్టిగా నిలబడాలంటే గంజి పట్టించాలి కదా, అందుకని పొయ్యి మీద ఎప్పుడూ ఒక కుండ ఉడుకుతూనే ఉండేది. ఆ కుండకు అధిపతి నాయనమ్మ. లోకంలో వంగిపోయిన ప్రతిదానికీ గంజే మందని ఆమె సిద్ధాంతం. జ్వరమొస్తే గంజి తాగించేది. నా రిబ్బన్లకు గంజి పెడితే అవి రెండు రోజులు విమానం రెక్కల్లా నిలబడేవి, నేను తలుపులో పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. నీరసంగా నడిచే మనిషి వీధిలో కనబడితే, "గంజి పెట్టని నూలు లెక్కున్నడు," అని నిట్టూర్చేది.

ఆ మాట ఆమె ఎక్కువగా అన్నది సొంత చిన్నకొడుకు గురించే. చిన్నబాపు పేరు సదానందం. మగ్గం మీద కూర్చుంటే చేతులు మాట్లాడేవి, దిగితే నోరు పనిచేసేది కాదు. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చెవులు ఎర్రబడేవి, జవాబు మర్నాడు వచ్చేది. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. పరకాల నుంచి కేసముద్రం దాకా ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి మా ఇంట్లో చాయ్ తాగి పోయారు. ఒకాయన, "ఏం పని చేస్తవ్ బాబూ," అని అడిగితే చిన్నబాపు సిగ్గుతో పైకి చూశాడు. ఆయనా పైకి చూశాడు. ఇంటి కప్పు ఎక్కడెక్కడ కురుస్తుందో అందరికీ కనబడింది. ఆ సంబంధం అలా పోయింది. ప్రతిసారీ వాళ్ళు వాకిలి దాటుతూ, "జూసి చెప్తం," అనేవాళ్ళు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం "చెప్పం" అని.

ఈ మధ్యలో మా వీధిలో అద్దెకున్న బ్యాంకు ఆఫీసరుకు బదిలీ అయింది. లారీలో పగులుతుందని తన చేపల తొట్టిని, అందులో నాలుగు ఎర్ర చేపలను, ఒక ప్లాస్టిక్ చెట్టును చిన్నబాపుకు ఇచ్చి పోయాడు. చిన్నబాపు మొదట చేసిన పని ఆ చెట్టును పీకి నా చేతిలో పెట్టడం. "బొమ్మ చెట్టు జంపఖానా మీద ఉండాలె బిడ్డా, నీళ్ళల్ల గాదు," అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతిపెద్ద వాక్యం అదే. తర్వాత సైకిలేసుకుని కాలువలూ కుంటలూ తిరిగి రకరకాల నాచు తెచ్చాడు. పేర్లు తెలియవు కాబట్టి ఆయనే పెట్టాడు. రిబ్బనులా నిలువుగా సాగేది పడుగు నాచు. కాడ చుట్టూ సన్నటి ఆకులు దారం చుట్టినట్టు దట్టంగా ఉండేది కండె నాచు. కాలేజీకి పోయాక రెండోదాన్ని హైడ్రిల్లా అంటారని తెలిసి, మా ఇంటి మనిషికి ఎవరో దొంగ పేరు పెట్టినట్టు బాధపడ్డాను.

తొట్టిలో ఆయన మొక్కలు నాటడం మగ్గం పనికి రెండో షిఫ్టు. జంపఖానా నేసేటప్పుడు పేక దారాన్ని కిందికి దిగ్గొట్టే పంజా ఉంటుంది, వేళ్ళు విప్పిన ఇనుప చెయ్యిలా. దానితో తొట్టి అడుగున ఇసుకను దువ్వేవాడు. నా జడ కూడా ఎవరూ అంత శ్రద్ధగా దువ్వలేదు. నాచు కాడలను నాలుగేసి చేర్చి, అడుగున చిన్న రాయి పెట్టి, నూలుతో చుట్టి ముడి వేసేవాడు. మొదటిసారి ఎర్ర రంగు నూలు వాడితే పొద్దునకల్లా చేపలు కుంకుమ నీళ్ళలో ఈదుతున్నాయి. అప్పటి నుంచి రంగెయ్యని కోరా నూలే. ముందు వరసలో పొట్టివి, వెనక పొడుగువి, అటూ ఇటూ అంచు కట్టినట్టు పడుగు నాచు, నడుమ చేపలు తిరగడానికి ఖాళీ. మగ్గం ఆగినప్పుడల్లా దాని ముందు కూర్చునేవాడు. అక్కడ మాత్రం మాట్లాడేవాడు. "ఇది నిన్నటికన్న రెండేళ్ళు పెరిగింది జూడు," అని నాతో అనేవాడు. రెండు సంవత్సరాలు కాదు, రెండు వేళ్ళ మందం. నాకూ కొలవడం అలవాటైంది. అందుకే ఇప్పటికీ నేను ఏది చెప్పినా రెండు వేళ్ళు ఎక్కువే చెబుతాను.

అప్పుడు మధ్యవర్తి మల్లేశం నర్సంపేట దగ్గరి ఊరి సంబంధం తెచ్చాడు. మనవాళ్ళే, కాని తాతల నాడే మగ్గం వదిలి పత్తి చేను పట్టుకున్నారు. పిల్ల పేరు లలిత. మల్లేశం అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజాన్ని సగం దాకా తీసుకొచ్చి, అక్కడ దించేసి చాయ్ తాగుతాడు. "పిల్ల తండ్రి రాజయ్యకు పిలగాని ముచ్చట అంత జెప్పిన. వచ్చే శుక్రారం వస్తాండ్రు. ట్యాంకు సూడాలె, ముందుగాల ట్యాంకు సూపెట్టున్రి అంటాండు," అని చెప్పాడు. మా ఇంట్లో అందరికీ ఆశ్చర్యమే. చేపల తొట్టి కోసం నలభై కిలోమీటర్లు వచ్చే రసికుడు పిల్లనిస్తానంటే ఇంకేం కావాలి. "ఇదొక్కటి తప్పితె ఇగ నీకు నేనే తోడు కొడుకా," అంది నాయనమ్మ. చిన్నబాపు చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజంతా తగ్గలేదు.

తొట్టికి పెళ్ళికళ తేవాలని ఆయన మొక్కలన్నీ పీకి, కొత్త వరసలో నాటి, కేసముద్రంలో జంపఖానాలు ఇచ్చి రావడానికి రెండు రోజులు పోయాడు. కదిపి నాటిన మొక్కలు కదా, వాడి పక్కకు వాలాయి. నాయనమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "పట్టు లేదే వీటికి. వాళ్ళొచ్చేదాక నిలబడ్తయా?" అని నన్నడిగింది. ఇక్కడ నా చదువు అడ్డం వచ్చింది. ఆ వారమే మా సైన్సు టీచరు ఆకు మీద అయోడిన్ చుక్క వేసి నల్లగా చేసి, ఆకులో పిండిపదార్థం ఉంటుందని చెప్పింది. పదకొండేళ్ళ శాస్త్రవేత్తనైన నేను, "నాయనమ్మా, మొక్కలకు బలం పిండిపదార్థమేనట. సైన్సు పుస్తకంల ఉన్నది," అన్నాను. నాయనమ్మ పొయ్యి మీది కుండను చూసింది, తొట్టిని చూసింది. ఆమె జీవితమంతా నమ్మినదాన్ని సర్కారు వారు పుస్తకంలో అచ్చేశారు. "ఇంట్లున్నదే గదనే," అంది. చెంబు ఆమె పట్టుకుంది, మూత నేను ఎత్తాను. పోసింది ఒక్క చెంబే. వీధిలో అది తర్వాత బిందె అయింది, ఏడాది తిరిగేసరికి గంగాళం అయింది. వాటికి బాధ్యత నాది కాదు.

మర్నాటికి తొట్టి మజ్జిగ కుండలా తెల్లబడింది. ఆ మర్నాటికి వాసన వీధి మలుపు దాకా పోయి ఎవరిల్లని అడిగిన వాళ్ళకు దారి చూపించింది. చేపలు నాలుగూ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. చిన్నబాపు కేసముద్రం నుంచి వచ్చి, చేతిసంచీ దించకుండానే దాని ముందు నిలబడ్డాడు. నాలుగు తిట్టినా బాగుండేది. నేను మగ్గం వెనక నక్కి, పడుగు దారాల సందుల్లోంచి చూస్తున్నాను. నాయనమ్మ ముందుకొచ్చి, "నేనే వోసిన కొడుకా. నా బుద్ధి గడ్డి తిన్నది," అంది. నా వైపు కన్ను కూడా తిప్పలేదు. నేను నోరు తెరవలేదు. ఆ చేపలకున్నంత ధైర్యం కూడా నాకు లేదు.

చిన్నబాపు చేపల్ని బిందెలోకి మార్చాడు. నీళ్ళు తోడి పోశాడు, మళ్ళీ తోడి పోశాడు. వీధివీధంతా తలా ఒక బకెట్ ఇచ్చారు. మెత్తబడిన ఆకులు చేత్తో పట్టుకుంటే జారిపోయాయి. కాలువకు పోయి తడి గోనెసంచీలో కండె నాచు తెచ్చాడు. "మిగిలినయి అలుగుతయి అవ్వా, ఇది అలగది," అని తల్లితో అన్నాడు. రాళ్ళకు ముడులేసి దిగబెట్టాడు. ఇసుకలో మిగిలిన గంజి ఆ నాచుకు పెళ్ళిభోజనం అయింది. నీళ్ళు రెండు రోజుల్లో తేటబడ్డాయి, నాచు పెరగడం మొదలుపెట్టింది. రోజుకు బెత్తెడు. అబద్ధమనుకుంటే రెండు వేళ్ళు తీసెయ్యండి. బుధవారానికి నీటి అంచు అందుకుంది, గురువారానికి అడ్డం తిరిగి నీటి మీద పందిరి వేసింది. శుక్రవారం పొద్దున చిన్నబాపు కత్తెర తీసుకుని కూర్చుంటే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "శుక్రారం పూట ఇంట్ల కత్తెర పట్టుడేంది. అందుట్ల పెండ్లి ముచ్చట." అడవి అడవిగానే ఉండిపోయింది. వదిలిన చేపలు అందులోకి పోయి మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

రాజయ్య ఇద్దరు బంధువులతో దిగాడు. తెల్ల అంగీ, భుజాన తువ్వాల, ఎండలో కాలిన మొహం. చాయ్ అందిస్తే పక్కన పెట్టాడు.

"చాయ్ ఏడికి వోదు. ముందుగాల ట్యాంకు సూద్దాం పాండ్రి."

బాపు ఆయన్ని మగ్గం గది మూలకు తీసుకుపోయి, "ఇగో బావా," అన్నాడు.

రాజయ్య తొట్టి వెనక గోడ చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. "ఏది?"

"ఇదే."

"ఇది గాదయ్యా, ట్యాంకు."

"ఇదే ట్యాంకు బావా."

రాజయ్య మెల్లగా మల్లేశం వైపు తిరిగాడు. "మల్లేశం, దీని కింద ఆయకట్టు ఎంత?"

అప్పుడు అర్థమైంది మాకు. పిలగానికి సొంత ఫిష్ ట్యాంకు ఉన్నదని మల్లేశం చెప్పాడు. చేపలు పడే చెరువు, దాని నీళ్ళు పారే మడులు, ఏటా రెండు పంటలు, అన్నీ రాజయ్య కళ్ళముందు పారాయి.

"నేను చెరువన్ననా మామా? ట్యాంకన్న," అన్నాడు మల్లేశం, గడప వైపు ఒక అడుగు వేసి.

"మా ఊళ్ళె ట్యాంకంటె చెరువేరా. ఇరిగేషనోళ్ళ బోర్డు మీద గదే రాసుంటది."

నాయనమ్మకు ఈ మాటలేవీ పట్టలేదు. "ఆయకట్టేందో నాకెరుక లేదు గని తమ్ముడా, దాని కింద ఒక స్టూలున్నది," అంది.

రాజయ్య వంగి అద్దంలోకి చూశాడు. "సరే, చెరువు లేకపాయె. చేపలన్న ఏవి?" బంధువులూ వంగారు. బాపు వంగాడు. నాలుగు తలలు అద్దానికి ఆనుకుని వెతికినా ఒక్క తోక కనబడలేదు. రాజయ్య నడుము నిలబెట్టి, నెమ్మదిగా అన్నాడు. "చెరువు లేదు, చేప లేదు, అంత కలుపే. నా చేన్ల ఇంత కలుపుంటె ఊళ్ళె మొఖం సూపెట్టుకోను."

అమ్మ లోపల గిన్నె దించిన చప్పుడు వినబడింది. వచ్చినాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడంటే వెళ్ళిపోతున్నాడనే లెక్క. ఆయన చెయ్యి తువ్వాల మీదికి పోయింది. నేను చిన్నబాపు చెవులు చూశాను. ఎర్రగా లేవు.

"అది కలుపు గాదు మామా," అన్నాడు.

సంబంధం ఖాయం కాకుండా మామా అన్నందుకు నాయనమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. చిన్నబాపుకు ఆ సంగతి తెలియదు. తొట్టి ముందు ఉన్నాడు కదా, మాట్లాడుకుంటూ పోయాడు. కలుపు దొంగతనంగ పెరుగుతది మామా, దీన్ని నేను పెంచిన. తల తుంచితే రెండు పిలకలు లేస్తయి. తుంచిన ముక్కను పారెయ్యద్దు, ఇసుకల గుచ్చితే వారం తిరగకముందే వేర్లు పడ్తయి. తల్లి ఒకటి, పిల్లలు నాలుగు. ఎనుక పొడుగువి, ముందట పొట్టివి, అప్పుడే అన్నిటికి వెలుగు అందుతది. నీళ్ళు చెడగొట్టే మురికిని ఇదే తిని పెరుగుతది, అందుకనే చేపలు బతికినయి. మొన్న నీళ్ళు పాలలెక్క అయినయి మామా, దీనితోటే తేటబడ్డయి. పది నిమిషాలు మాట్లాడి ఉంటాడు. ముప్పై ఏళ్ళ బాకీ.

"పత్తికి తలలు తుంచుతం, గట్లనా?" అన్నాడు రాజయ్య.

"గట్లనే."

"తుంచు, జూస్త."

శుక్రవారం కాబట్టి కత్తెర లేదు. చిన్నబాపు అంగీ చెయ్యి మడిచి గోటితో ఒక్కో కొస తుంచాడు. పందిరి పక్కకు జరిగింది. ఆ సందులోంచి ఒక ఎర్ర చేప, పెళ్ళిచూపులకు పిలిచినట్టు, తల వంచుకుని బయటికి వచ్చింది. వెనక మిగతా మూడూ వచ్చాయి. రాజయ్య ఏమనుకున్నాడో, తువ్వాల బాపు చేతికిచ్చి తనూ చెయ్యి మడిచాడు. తుంచిన ముక్కలు తీసుకుని ఇసుకలో నాటడం మొదలుపెట్టాడు. "ఇంత లోతు పెట్టద్దు పిలగా, నారు మెడ మునిగితె కుళ్ళుతది." "మరి పైకి తేల్తదిగా మామా." "తేలకుంట ఏటవాలు గుచ్చాలె, ఇగో." ఒకే తొట్టిలో రెండు మోచేతులు. బల్ల మీద చాయ్ మీగడ కట్టింది.

లేచి పోతూ వాకిట్లో అననే అన్నాడు. "జూసి చెప్తం." మా అందరి భుజాలూ ఒకేసారి దిగాయి. రెండడుగులు పోయి మళ్ళీ తిరిగాడు. "ఒక పిడికెడు ఇయ్యి పిలగా, మా ఎడ్లు నీళ్ళు తాగే గోలెంల ఏస్త." చిన్నబాపు ఒక కట్ట తీసి, రాయి పెట్టి, కోరా నూలుతో ముడేసి ఇచ్చాడు.

రెండు వారాలు కబురు లేదు. చిన్నబాపు మళ్ళీ మూగబోయాడు. నాయనమ్మ గంజి కుండ వైపు కూడా మనసు పెట్టి చూడలేదు. నేను రోజూ నిజం చెబుదామని లేచేదాన్ని, బడికి పోయి వచ్చేదాన్ని. పదిహేనో రోజు మల్లేశం వచ్చి ఈసారి నిజాన్ని పూర్తిగా దించాడు. పెళ్ళి ఖాయం.

ఎలా కుదిరిందో తర్వాత చిన్నమ్మ చెప్పింది. రాజయ్య ఇంటికి పోయి, "చెరువు లేదు, మడి లేదు. నోరు గూడ లేదనుకున్న. ఉన్నది గని అది నీళ్ళల్లనే పనిచేస్తది," అన్నాడట. గోలెంలో వేసిన కట్టను ఎడ్లు మూతులతో లాగి, కొమ్ములతో కుమ్మి, వారం రోజులు నానా హింస పెట్టాయట. నాచు గోలెం నిండా అల్లుకుంది గాని ముడి ఊడలేదట. అప్పటి లలిత, ఇప్పటి మా చిన్నమ్మ, రోజూ నీళ్ళు పోయడానికి పోయి ఆ ముడిని చూసిందట. "మెడల మూడు ముళ్ళు తర్వాత ఏసిండు బిడ్డా. మొదటి ముడి ఎడ్ల గోలెంల పడ్డది," అంటుంది ఇప్పటికీ.

అప్పుడు మా తొట్టికి దీపం లేదు, మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చే వెలుగే. గాలి బుడగలు లేవు, ఎరువు ఒక్క చెంబు గంజి. ఇప్పుడు మొక్క పేరు లాటిన్‌లో తెలుసు, నీటి వేడి ఫోన్లో కనబడుతుంది. కాని మగ్గం ఆపి దాని ముందు కూర్చునే మనిషి లేడు. నేను దాన్ని చూడటం కన్నా దాని మీటర్లను చూడటమే ఎక్కువ. పక్కన వరసగా పదిమంది కాళ్ళు చాపుకునే జంపఖానా ఉండాల్సిన చోట ఇప్పుడు వైర్లు పడుకుంటున్నాయి. మగ్గమూ లేదు. పంజా మాత్రం నా దగ్గరుంది, దాన్ని గోడకు తగిలించి వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాను. పనిచేసే చేతిని గోడకు తగిలించి, పనికి సిలిండరును పెట్టుకున్నానని ఇది రాస్తుంటేనే తట్టింది.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. చిన్నబాపు మోకాళ్ళు పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. చిన్నమ్మ సిలిండరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇదెవలికి? చేపలకు వంట చేస్తానవా?"

"మొక్కలకు చిన్నమ్మా. పెరుగుతలేవు."

ఆమె వంగి చాలాసేపు చూసింది. మొహంలో నవ్వు లేదు. "గంజి వోసినవా?"

"లేదు."

"పోస్తె అయిపోవు. సైన్సు పుస్తకంల ఉన్నదంటివట గదా."

నా కాళ్ళ కింద గచ్చు రెండు వేళ్ళు కుంగింది. "నాయనమ్మ చెప్పిందా?"

"నేనొచ్చిన మొదటి నెలనే చెప్పింది, గంజి కాస్తాంటె. పిల్ల చిన్నది, భయపడ్డది, దాన్నెవలు అడగద్దు అన్నది. అడగలే."

చిన్నబాపు వైపు చూశాను. ఆయన కప్పు వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆయనకూ తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. నేను దాచుకున్నానని అనుకున్నదాన్ని, నా కోసం ముగ్గురు పెద్దవాళ్ళు దాచి పెట్టారు.

చిన్నమ్మ చేతిసంచీలోంచి తడిగుడ్డ మూట తీసింది. లోపల ముదురాకుపచ్చ కండె నాచు, అడుగున రాయి, కోరా నూలు. "గోలెంలది. మన ఇంటిదే, తిరిగొచ్చింది," అంది. చిన్నబాపు లేచి, గోడకు వేలాడుతున్న పంజా తీసుకుని, నా ఇసుకను దువ్వి, కట్టను ఒక మూల దిగబెట్టాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "గ్యాసు బందు పెట్టు బిడ్డా. ముడి విప్పకు."

ఇది నాలుగో రోజు. సిలిండరు బాల్కనీలో ఉంది. నాచు బెత్తెడు పెరిగింది. ఈసారి రెండు వేళ్ళు తీసెయ్యకండి, నేనే తీసేసి చెప్పాను.